ఒక్క బంతి పనితనం

1999 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ చివరి ఆట. అట్లాంటా ఎడమచేతి బ్యాటర్ రయాన్ క్లెస్కో చేతిలో బ్యాట్ విరిగింది. ఇంకొకటి తెచ్చుకున్నాడు, అదీ విరిగింది. మూడోదీ అంతే. డగౌట్‌లో సహచరుడు చిప్పర్ జోన్స్ నవ్వు ఆపుకోలేకపోయాడు. విసురుతున్నది న్యూయార్క్ యాంకీస్ పిచర్ మరియానో రివేరా. ఆయన దగ్గరున్న ఆయుధం దాదాపు ఒక్కటే: కట్టర్.

క్రికెట్‌లో మనకు తెలిసిన లెగ్ కట్టర్ నేలమీద పడ్డాక తిరుగుతుంది. బేస్‌బాల్‌లో బంతి నేలను తాకదు, మలుపంతా గాలిలోనే. రివేరా బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో, అచ్చం మామూలు ఫాస్ట్‌బాల్‌లా తిన్నగా వస్తుంది. బ్యాటర్ ఊపు మొదలుపెట్టి, ఇక వెనక్కి తీసుకోలేని క్షణంలో కొన్ని అంగుళాలు పక్కకు జరుగుతుంది. ఎడమచేతివాటం వాళ్లకైతే నేరుగా చేతుల మీదికే. బ్యాట్ లావు భాగానికి తగలాల్సింది పిడి దగ్గర సన్నటి చోట తగులుతుంది. కుట్లకు అడ్డంగా రెండు వేళ్లు, నడివేలు మీద కాస్త ఎక్కువ ఒత్తిడి. పట్టు అంతే. చేతి విసురులో తేడా ఉండదు గనుక ముందుగా పసిగట్టడానికి ఆనవాలే దొరకదు.

ఆ బంతిని ఆయన వెతుక్కోలేదు. 1997లో సహచరుడు రామిరో మెండోజాతో క్యాచ్ ఆడుతుంటే బంతి దానంతటదే పక్కకు పోవడం మొదలుపెట్టింది. పట్టుకోలేక మెండోజా విసుక్కున్నాడు. కోచ్‌తో కలిసి దాన్ని తిన్నగా చేయాలని కొన్నాళ్లు తంటాలు పడి, చివరికి అలాగే వదిలేశారు. దేవుడిచ్చిన వరమని రివేరా అంటారు. వరం సరే, దాన్ని పదహారేళ్లపాటు అదే చోట, అదే ఎత్తులో, అదే ప్రశాంతమైన ముఖంతో వేయడం మాత్రం పనితనమే. పనామాలోని ప్యూర్టో కైమితో అనే జాలరి పల్లెలో అట్టముక్కల గ్లవ్‌లతో ఆడుకుంటూ పెరిగిన కుర్రాడాయన. తండ్రి చేపల పడవ కెప్టెన్.

రివేరా క్లోజర్. ఆ పని వినడానికి చిన్నది. స్వల్ప ఆధిక్యంలో ఉన్న జట్టు తరఫున ఆఖర్లో వచ్చి చివరి ముగ్గురినో నలుగురినో ఔట్ చేసి గెలుపు కాపాడాలి. కానీ తప్పు చేస్తే సరిదిద్దుకునే సమయం ఉండదు. రివేరా అలా 652 ఆటలు కాపాడారు, అంతకు మించి ఎవరూ లేరు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ప్లేఆఫ్స్ లెక్క: 141 ఇన్నింగ్స్‌లో, ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి మినహా, తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 0.70. 2012లో మోకాలి లిగమెంట్ తెగితే, 43 ఏళ్ల వయసులో తిరిగొచ్చి మరో 44 ఆటలు కాపాడారు. ఆ చివరి ఏడాది మిన్నెసోటా జట్టు విరిగిన బ్యాట్లతో చేసిన ఊగే కుర్చీని కానుకగా ఇచ్చింది. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో 425 మందికి 425 మందీ ఆయనకు ఓటు వేశారు.

అయినా నేను మళ్లీ మళ్లీ చూసేది ఆయన ఓడిన బంతినే. 2001 వరల్డ్ సిరీస్, అరిజోనాలో ఏడో ఆట, ఆఖరి ఇన్నింగ్. అప్పటికే స్కోరు సమమైంది. ఎదురుగా ఎడమచేతి బ్యాటర్ లూయిస్ గొంజాలెజ్. కట్టర్ ఎప్పట్లాగే చేతుల మీదికి దూసుకెళ్లింది. బ్యాట్ చీలింది. పరుగు ఆపడానికి ఫీల్డర్లు ముందుకు జరిగి నిలబడి ఉన్నారు. బలం లేకుండా లేచిన బంతి వాళ్లలో ఒకరైన డెరెక్ జీటర్ తల దాటి పచ్చికలో పడింది.