వెన్నుపూసల నడుమ

పాశమైలారం కర్మాగారాలలో బరువులు మోసి బ్రతుకువారు నడుము నొప్పిని రోగముగా గణింపరు. తైలము మర్దించుకొని, మందుల దుకాణమున మాత్రలు కొని మ్రింగి, నెలలు గడచి కాళ్లు తిమ్మిరెక్కిన పిమ్మటగాని పటాన్‌చెరువులోనో సంగారెడ్డిలోనో స్కాన్ గది గడప త్రొక్కరు. ఎముక సారము దాదాపు మూడవ వంతు కరగినగాని ఎక్స్‌రేలో మచ్చ కానరాదు కనుక, అంతకు ముందు తీయించిన ఫిల్ము నిర్దోషముగా నుండుట ఆరోగ్యమునకు సాక్ష్యము కాదు.

ఆ నొప్పి వెనుక పూసలకు సోకిన క్రిమి దాగియున్నదా, ఉన్నచో అది ఏది యని తేల్చుకొనుటకు, ఎమ్మారై తెరమీద రేడియాలజిస్టునైన నా చూపు మొదట పూసల నడుమ డిస్కుపై నిలుచును. స్టాఫైలోకాకస్ వంటి చీము పుట్టించు క్రిములకు డిస్కును కరగించు ఎంజైములు కలవు. అవి దానిని శీఘ్రముగా హరించును. క్షయ క్రిమికి ఆ శక్తి లేకుండుటచేత, ఇరువైపుల పూసలు కూలుచున్నను నడుమ డిస్కు కొంతకాలము నిలిచియుండును. క్షయ చీము ముందరి లిగమెంటు క్రిందుగా జారి దూరపు పూసలను చేరును. కాంట్రాస్టు ఎక్కించి చూచితిమా, క్షయగడ్డ గోడ పలుచగా, నునుపుగా మెరయును. ఇతర చీముగడ్డల గోడ మందము, గరుకు. సీటీలో గడ్డ నడుమ సున్నపు పలుకులు తోచినచో క్షయ యను అనుమానము బలపడును. ఫౌండ్రీలలో, క్రషర్లవద్ద రాతి ధూళి పీల్చిన ఊపిరితిత్తులు క్షయకు సులభముగా లొంగును గనుక, ఛాతీ ఫిల్మును గూడ ప్రక్కన పెట్టుకొందును.

చిక్కంతయు బ్రూసెల్లా అను మరొక క్రిమితోనే. అది నడుము దిగువ పూసల ముందరి అంచును కొరుకునుగాని పూస ఆకృతిని అంతగా చెరుపదు, గడ్డయు చిన్నది. పచ్చిపాలు త్రాగువారికి, పశువులు ఈనువేళ మాయను వట్టి చేతులతో లాగువారికి ఇది సోకును. ఈ ప్రాంతమున షిఫ్టు ముగిసిన కార్మికుడే సాయంత్రము గేదెను పితుకును. డాక్టరు చీటీమీద “నడుము నొప్పి” అని తప్ప మరొక మాట యుండదు. అందుచేత యంత్రముపై పడుకొనబెట్టకమునుపే అడుగుట మంచిది: “అన్నా, పాలు కాగబెట్టుకొని తాగుతవా, పితికినయి పితికినట్టే తాగుతవా?” ఈ ప్రశ్న తేల్చునంత, కొన్ని చిత్రములు తేల్చలేవు.

రిపోర్టులో “క్షయకు అనుకూలము” అని వ్రాసి చేతులు దులుపుకొనుట నాకు సమ్మతము కాదు. సీటీ ఆధారమున సూదితో ముక్క తీయించి కల్చరుకు, క్షయ జన్యుపరీక్షయైన సీబీనాట్‌కు, సూక్ష్మదర్శినికి పంపుడనియు, బ్రూసెల్లాకై రక్తపరీక్ష చేయుడనియు దిగువ వ్రాసెదను. ముక్క తీయకయే క్షయ మందులు మొదలుపెట్టి, రోగి కొంత తేరుకొనగానే నిర్ణయము రుజువైనదని భావించువారు కలరు. కాని ఆ మందులలోని రిఫాంపిసిన్ క్షయక్రిమితోబాటు బ్రూసెల్లాను గూడ అణచును. తేరుకొన్నవాడు ఏ రోగమునుండి తేరుకొనెనో అప్పుడు చెప్పుట ఎవరి తరము?