తమదైన శైలి

తెలుగు దినపత్రికల జిల్లా పేజీ చదివే అలవాటున్నవాళ్లకి ఈ తరహా వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది: అనుమానితుణ్ణి అదుపులోకి తీసుకున్న పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని నేను. శైలి మీద పరీక్షల్లో పది మార్కుల ప్రశ్నలు ఇచ్చినదాన్ని. ఈ వాక్యంలో ఆ మాట ఏం చేస్తోందని ఒక్కసారి కూడా క్లాసులో అడగలేదు. స్టాఫ్‌రూములో పేపరు తిరగేస్తూ నవ్వుకునేవాళ్లం, అంతే. లాఠీకి శైలి అని పేరు పెట్టినవాడెవరో గాని మన ఆలంకారికులెవరికీ తీసిపోడు.

రెండో మాట 'అదుపు'. అరెస్టు అనే మాటకి ఒక గడియారం ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, వకీలుని కలవనివ్వాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకొన్ని చేర్చింది. అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకి కబురు చెయ్యాలి. మరి 'అదుపులోకి' వెళ్లినవాళ్లకి? వాళ్ల గంటలు లెక్కపెట్టేవాళ్లు లేరు. ఇది పోలీసులు పుట్టించిన మాటో విలేకరులు పుట్టించిన మాటో తెలీదు గాని, ఇద్దరికీ బాగా ఒదిగిపోయింది.

ఇవన్నీ నాకు పుస్తకాల్లోంచి తట్టలేదు. 2017 డిసెంబరులో ఒక సాయంత్రం, మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి, అమ్మని పోలీసులు తీసుకుపోయారని చెప్పింది. మా పై ఫ్లాటులో కూడా ఆమే పనిచేస్తుంది. అక్కడ బంగారు గొలుసు కనిపించలేదట. సికింద్రాబాద్‌లోనే ఒక స్టేషన్‌కి ఆటోలో వెళ్లాను. అప్పటికే చీకటి పడింది. ఆమె గోడవారన కింద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఎస్సై లేచి, 'రండి మేడమ్' అని కుర్చీ జరిపించాడు. అదే నోటితో ఆమె వైపు తిరిగి 'ఏందే, మీ మేడమ్ వచ్చింది' అన్నాడు.

నేనేం మాట్లాడానో ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. 'తొమ్మిదేళ్లుగా మా దగ్గర చేస్తోందండీ. తాళాలు ఇచ్చి ఊరెళతాం. చాలా మంచి మనిషి.' ఆయన తలూపాడు. 'మేం అరెస్టేం చెయ్యలేదు మేడమ్, ఊరికే విచారణకి పిలిచాం' అన్నాడు. ఒక కాగితం మీద నా ఫోన్ నంబరు రాయించుకుని పంపించేశాడు. నా మాట చెల్లినందుకు, నిజం చెప్పొద్దూ, లోపల కాస్త గర్వంగానే అనిపించింది.

ఆటోలో చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఇల్లు దగ్గర పడుతుండగా ఆమె అంది: 'తొమ్మిదేండ్ల సంది చేస్తున్ననని చెప్పిన్రు గదమ్మా. మొన్ననే చేరిందాన్నయితే ఏం చెప్పెటోళ్లు?'

నిజానికి నేను చెప్పవలసినవి వేరే ఉన్నాయి. స్త్రీని విచారణ పేరుతో స్టేషన్‌కి రప్పించకూడదు, ఆమె ఉండే చోటికే వెళ్లి అడగాలి. ఇది అప్పటి నేరశిక్షాస్మృతి 160వ సెక్షన్‌లో ఉన్న మాట. పొద్దుగూకిన తర్వాత స్త్రీని అరెస్టు చెయ్యకూడదు. చెయ్యక తప్పని ప్రత్యేక పరిస్థితి ఉంటే మహిళా అధికారి మేజిస్ట్రేటు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇది 2005 సవరణతో వచ్చింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలోనూ ఈ రెండూ ఉన్నాయి. నాకు ఇవి తెలియక కాదు. స్త్రీలూ చట్టాలూ అంటూ మా కాలేజీలో సభ పెట్టి మాట్లాడినదాన్నే. అయినా ఆ కుర్చీలో కూర్చోగానే నా నోటికి వచ్చింది గుణగణాల వర్ణన. వాళ్లు చేసిందేమిటని అడగాల్సిన చోట ఆమె ఎవరో చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది రమీజాబీ.

మా వైపు నుంచి చిలకలగూడ, సీతాఫల్‌మండి, విద్యానగర్ మీదుగా వెళితే నల్లకుంట ఎంతో దూరం కాదు. 1978 మార్చిలో, రాత్రి సినిమా చూసి భర్తతో తిరిగొస్తున్న రమీజాబీని నల్లకుంట స్టేషన్‌కి పట్టుకెళ్లారు. అక్కడ పోలీసులే ఆమె మీద అత్యాచారం చేశారు. భర్త అహ్మద్ హుసేన్ రిక్షా తొక్కేవాడు. ఇదేమిటని నిలదీసినందుకు అతన్ని కొట్టారు. అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది. స్టేషన్ మీద రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో విచారణ సంఘం వేసింది.

ఆ సంఘం ముందు పోలీసుల తరఫు వాదన ఎలా నడిచిందో చూడండి. ఆమె వ్యభిచారిణి అన్నారు. అందుకు సాక్షుల్ని తెచ్చి నిలబెట్టారు. ఎన్ని పెళ్లిళ్లు అయ్యాయన్నారు. అహ్మద్ హుసేన్‌తో జరిగిన పెళ్లి ఆమె మతధర్మం ప్రకారం చెల్లుతుందా లేదా అని ఆరా తీశారు. ఒక మనిషి ఠాణాలో చచ్చిపోయాడు. కానీ రుజువు కావలసింది అతను ఆమె మొగుడా కాదా అన్నది! ముక్తదర్ సంఘం పోలీసులది నేరమేనని తేల్చి, వాళ్లని విచారించమంది. కేసు రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరు కోర్టుకి పోయింది. 1981లో నిందితులంతా నిర్దోషులై బయటికొచ్చారు.

ఈ సంగతులు ఈ పత్రిక పాఠకులకి కొత్తవి కావు. నేను చెప్పదలచుకున్నది, ఆమె వైపున్నవాళ్ల భాష గురించి. 'పాపం పేదరాలు', 'ఇల్లాలు', 'కట్టుకున్నవాణ్ణి పోగొట్టుకున్నది'. ఇవన్నీ ప్రేమతో అన్న మాటలే. కాని అవతలివాళ్లు 'చెడిపోయింది' అంటే మనం 'కాదు, మంచిదే' అని జవాబు చెప్పాం. ప్రశ్న వాళ్లదే ఉంచి జవాబు మాత్రం మార్చాం. వ్యభిచారిణి అయితే మాత్రం ఏమిటి అని అడగడం నేర్పింది స్త్రీల ఉద్యమం. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది కూడా ఆ ఏడాదే. మధుర కేసు తీర్పు మీదా ఈ కేసు మీదా పెల్లుబికిన ఆగ్రహం వల్లే 1983లో చట్టం మారి, కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. కాని ఫిర్యాదు చేసిన స్త్రీ 'సాధారణంగా నీతిలేనిది' అని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టెయ్యవచ్చుననే వీలు సాక్ష్యచట్టంలో 2002 సవరణ దాకా అలాగే ఉంది. దాదాపు పాతికేళ్లు!

ఇది మన ఊరి జాడ్యం మాత్రమే అనుకోకండి. 2009 జులైలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో హార్వర్డ్ ఆచార్యుడు హెన్రీ లూయీ గేట్స్ తన ఇంటి తలుపు బిగుసుకుపోతే డ్రైవర్ సాయంతో తోసి తెరిచాడు. ఎవరో దొంగతనమేమో అని ఫోన్ చేశారు. పోలీసు వచ్చాడు. మాటా మాటా పెరిగింది. నల్లజాతి ఆచార్యుణ్ణి ఆయన ఇంటి ముందరే అరెస్టు చేశారు. కొద్దిరోజుల్లోనే కేసు ఎత్తేశారు. ఒబామా పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారన్నాడు, పెద్ద రభస అయ్యాక ఇద్దర్నీ వైట్‌హౌస్‌కి పిలిచి బీరు తాగించాడు. ఆ వారాల చర్చ చదివితే ఎక్కడో విన్నట్టుంటుంది. ఆచార్యుడికి పొగరా? ఆ పోలీసు మంచివాడేనట కదా, జాతిని బట్టి అనుమానించకూడదని తోటివాళ్లకి పాఠాలు కూడా చెప్పాడట కదా? ఇంట్లో ఉన్న మనిషిని ఇంటిముందు సంకెళ్లు వేసి తీసుకెళ్లొచ్చా అన్న చిన్న ప్రశ్న ఈ సర్టిఫికెట్ల కింద పడిపోయింది. గేట్స్ తన ఇల్లు తనదేనని చూపించుకోవలసి వచ్చింది. రమీజాబీ తన మొగుడు తన మొగుడేనని. హార్వర్డ్ పేరు వెనకాల ఉంది కాబట్టి ఆయన కథ బీరుతో ముగిసింది.

ఇక్కడ ఒంటిరంగు కన్నా కులం, మతం, చేసే పని, రాత్రి ఎన్ని గంటలకి కనబడ్డారన్నది లెక్క. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో మరియమ్మ చనిపోయింది. దళిత స్త్రీ. వంటపని చేసుకునేది. పనిచేసే ఇంట్లో డబ్బు పోయిందని తీసుకెళ్లారు. పౌరహక్కుల వాళ్లు హైకోర్టుకి వెళితే, పూడ్చిన శవాన్ని తీసి మళ్లీ పోస్టుమార్టం చెయ్యమని కోర్టు ఆదేశించింది. ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ వార్తలు చదువుతూ నేను మా గోడవారన కూర్చున్న మనిషినే చూశాను. పోయింది బంగారమైనా డబ్బైనా ముందుగా పట్టుకెళ్లేది అంట్లు తోమే చేతుల్నే కదా.

2023 ఫిబ్రవరిలో మా సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఖదీర్ ఖాన్ ప్రాణం పోయింది. మెదక్‌లో కూలిపని చేసుకునేవాడు. సీసీ కెమెరాలో కనబడిన దొంగ పోలికలున్నాయని గొలుసు దొంగతనం కేసులో పోలీసులు పట్టుకున్నారు. తనని ఎలా కొట్టారో చనిపోయేముందు వీడియోలో చెప్పాడు. హైకోర్టు తనంతట తానే విచారణకి తీసుకుంది. ఇతని విషయంలో కూడా సానుభూతిపరులం వెంటనే అందుకున్న మాట 'అమాయకుడు' అన్నదే. అమాయకుడే కావచ్చు. కాని నిజంగా గొలుసు తెంచినవాణ్ణయితే కొట్టి పంపొచ్చా అని అడిగితే, మన ఇళ్లలోనే ఎంతమంది 'మరేం చెయ్యాలి?' అంటారో నాకు తెలుసు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే, ఆడపిల్లల పేరు చెప్పి ఆ పోలీసుల మీద పూలు చల్లారు. నాతో చదువుకున్నవాళ్లే నాకు మిఠాయి బొమ్మలు పంపారు. కొందరు మహిళా కార్యకర్తలు మాత్రం ఆ రోజే హైకోర్టు తలుపు తట్టి నానా తిట్లూ తిన్నారు. 2022లో బయటికొచ్చిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ఆ కాల్పులు చంపాలనే జరిపినవని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలని చెప్పింది. ఆ రోజు మిఠాయిలు పంపినవాళ్లెవరూ నాకు ఆ వార్త పంపలేదు. 1978లో రాళ్లు పడ్డ నగరమే 2019లో పూలు చల్లడం మీద మన పత్రికల్లో రావలసినంత రాత రాలేదని నా ఫిర్యాదు.

రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' ఏటా పాఠం చెప్పేదాన్ని. వకీలుగా కోర్టుల్ని దగ్గర నుంచి చూసినవాడు కాబట్టి బోనెక్కిన బీదల్ని చట్టం ఏ భాషలో చదువుతుందో ఆయనకి తెలుసు. నేను మాత్రం క్లాసులో ఉత్తరాంధ్ర మాండలికం సొగసు దగ్గరే ఆగిపోయేదాన్ని. పోలీసు రాసే వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఏది, ఎక్కడ కర్త మాయమై 'అస్వస్థతకు గురైంది' మిగులుతుందో బోర్డు మీద రాసి చూపించి ఉంటే, ఆ పిల్లల్లో విలేకరులైనవాళ్లకైనా పనికొచ్చేది.

రమీజాబీ పేరు ఊరంతా నినాదమైంది. అలాంటి స్త్రీల పేరు ప్రచురించకూడదనే నిబంధన 1983 సవరణతో గాని రాలేదు. అందుకని ఇది రాసేముందు మా ఇంట్లో ఆమెని అడిగాను, నీ సంగతి రాయనా అని. 'రాయుండ్రి, నా పేరొద్దు' అంది. పై ఫ్లాటులో పని అప్పుడే మానేసింది. గొలుసు దొరికిందో లేదో ఈ రోజుకీ మాకెవరూ చెప్పలేదు. పూర్తయ్యాక చదివి వినిపించాను. అంతా విని, 'ఆ ఎస్సై పేరు రాసిన్రా?' అని అడిగింది. రాయలేదన్నాను. ఎందుకని అడగలేదు. గిన్నెలు తోమడానికి లోపలికి వెళ్లింది.