టెంటుకు గాలి ఆడాలి

సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్లు టెంటు కొనాలనుకోగానే ముందు అడిగేది బరువెంత అని. అడగాల్సిందే. విశాఖ నుంచి అరకు వెళ్లేటప్పుడు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి అరకిలో పిక్కలకు తెలుస్తుంది. ఒక మనిషికి కిలోన్నర లోపు, ఇద్దరికి రెండు కిలోల లోపు మంచి టెంట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అక్కణ్నుంచి ఇంకో రెండొందల గ్రాములు తగ్గించుకోవడానికి వేలకు వేలు పోయనక్కర్లేదని నా అభిప్రాయం.

నేను చూసేది పోల్స్ మడిచాక ఎంత పొడవున్నాయో. చాలా టెంట్ల పోల్స్ మడిచినా 40, 45 సెంటీమీటర్లుంటాయి. వంపు హ్యాండిల్ ఉన్న సైకిళ్లకు ఆ వంపుల మధ్య ఉండే జాగా కూడా దాదాపు అంతే. సంచి అక్కడ కడితే బ్రేకు లీవర్లకు అడ్డం వస్తుంది. దిగుడులో అది ప్రాణం మీదికొచ్చే సంగతి. 30 సెంటీమీటర్లకు మడతపడే పోల్స్ కొన్ని టెంట్ల కంపెనీలు సైకిళ్ల కోసమే చేస్తున్నాయి. ట్రెక్కింగ్ చేసేవాళ్ల చేతికర్రల మీద నిలబెట్టే టెంట్లు మరీ తేలిక కానీ, మన దగ్గర ఆ కర్రలుండవు.

మేకుల్లేకుండా తనంతట తాను నిలబడే టెంటయితే మన ఊళ్లలో ఎంతో మేలు. చీకటి పడ్డాక బడి వరండాలోనో గుడి మండపంలోనో పడుకోమంటారు. గచ్చులోకి మేకు దిగదు కదా. బయటి గుడ్డ సంచిలోనే ఉంచి లోపలి దోమతెర ఒక్కటే నిలబెట్టుకుంటే చాలు. మలేరియా ఉన్న ఏజెన్సీలో దోమతెర లేకుండా పడుకోకూడదు.

అసలు సంగతి తేమ. శీతాకాలంలో లంబసింగి వైపు ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి టెంటు పైగుడ్డ తన వేడినంతా పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మన ఊపిరిలోని ఆవిరి పోయి దానికి తగిలి, మజ్జిగ చెంబుకు పట్టినట్టు చెమట పడుతుంది. ఒంటిపొర టెంట్లో అది నేరుగా దుప్పటి మీదికి కారుతుంది. రెండు పొరలుంటే లోపలి జాలీ ఆపుతుంది. అందుకే రెండు పొరల టెంటే కొనండి, రెండు వైపులా గాలి కిటికీలున్నది. బరువు కాస్త పెరిగినా సరే. వేసే చోటు కూడా చూసుకోవాలి. చల్లగాలి పల్లానికి దిగి నిలుస్తుంది కాబట్టి వాగు ఒడ్డు వద్దు. చెట్టు కింద మంచు తక్కువ పడుతుంది, ఎండుకొమ్మలు లేని చెట్టయితే.

గుడ్డ విషయానికొస్తే, నైలాన్ తడిస్తే సాగుతుంది. అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించుకోవాలి. పాలిస్టర్‌కు ఆ బాధ తక్కువ. ఏదైనా తడిగా మడిచి అటక మీద పడేస్తే లోపలి పూత జిగురుగా మారి పాడైపోతుంది. దారిలో మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడే ఆరేసుకోవడం మంచిది.

కొనేముందు షాపులో టెంటు వేయించి, లోపల స్లీపింగ్ బ్యాగ్ పరుచుకుని, కాళ్లు బారజాపి పడుకోండి. పాదాలు లోపలి పొరను నెట్టి పైగుడ్డకు ఆనించేట్టుంటే, అది ఎంత తేలికైనా వద్దనండి. తెల్లారేసరికి ఆ కొన తడిసిపోతుంది.