ఫ్రిజ్ వెనకాల నీళ్లు

ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ నెత్తిన, ఒక ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. చాలా ఇళ్లలో అది తొలిసారి కంటబడేది ఇల్లు మారేటప్పుడే. బండెక్కించడానికి ఫ్రిజ్‌ను వంచగానే పాచినీళ్లు మోసేవాళ్ల కాళ్ల మీద పడతాయి. ఈ వారం దోమల తనిఖీకి వచ్చిన సిబ్బంది పూలకుండీలు, కూలర్లు, డాబా మీది కొబ్బరిచిప్పలు అన్నీ చూశారు. ఫ్రిజ్ వెనక్కి మాత్రం ఎవరూ తొంగిచూడలేదు.

ట్రేలోవి ఎక్కణ్నుంచో కారిన నీళ్లు కావు, గదిలోని తేమే. తలుపు తీసిన ప్రతిసారీ తడిగాలి లోపలికి వెళుతుంది. మూత పెట్టని సాంబారు గిన్నె మరికాస్త తేమను చేరుస్తుంది (మూతల గురించి ఈ కాలమ్ ఎన్నిసార్లు మొత్తుకుందో పాత పాఠకులకు తెలుసు). అదంతా ఫ్రీజర్‌లో మంచుగా పేరుకుంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో బటన్ నొక్కితే ఆ మంచు కరుగుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీలో కొన్ని గంటలకోసారి హీటరే కరిగిస్తుంది. ఆ నీరు వెనకగోడ అడుగునున్న కన్నంలోంచి గొట్టం గుండా ట్రేలోకి దిగుతుంది.

ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి చాలు. ఆ నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కావాలి. అంత వేడినీ కంప్రెసర్ దగ్గర ఎలాగూ వృథాగా పోయే వేడిలోంచే రాబట్టడం మెచ్చుకోదగ్గ ఉపాయం. హైదరాబాద్ ఎండాకాలంలో ఇది చక్కగా పనిచేస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో, అందునా వానాకాలంలో, లోపలికి వెళ్లే తేమ ఎక్కువ, ఆవిరయ్యే నీరు తక్కువ. ట్రే నిండుతుంది.

అలాగని ఎండిన ట్రే అంటే అంతా బాగున్నట్టూ కాదు. ముసురు రోజుల్లో ట్రే పొడిగా ఉండి, కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలిచాయంటే కన్నం మూసుకుపోయిందేమో చూడాలి. చాలాసార్లు అడ్డుపడేది ఓ కొత్తిమీర రెబ్బే. చీపురుపుల్ల మొద్దుకొనతో మెల్లగా కదిపి, గోరువెచ్చని నీళ్లు పోస్తే దారి తెరుచుకుంటుంది.

డెంగీని మోసే ఈడిస్ దోమకు ఈ కాసిన్ని నీళ్లు చాలు. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నిల్వనీళ్లు పారబోసే డ్రై డే పాటించమనేది అందుకే. అయితే నీళ్లు పారబోసినంత మాత్రాన పని పూర్తికాదు. ఈ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచున, ట్రే గోడలకు. అవి ఎండినా నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి గోడలు రుద్ది కడగాల్సిందే.

ఇంతకీ నిత్యం నడిచే ఫ్రిజ్ కన్నా ఎక్కువ అనుమానించాల్సింది ఆపేసిన ఫ్రిజ్‌నే. సెలవులకు ఊరెళుతూ స్విచ్ కట్టేస్తే ఫ్రీజర్‌లోని మంచంతా ఒక్కసారిగా కరిగి ట్రేలోకి చేరుతుంది. దాన్ని ఆరబెట్టే వేడి ఉండదు, పలకరించే మనిషీ ఉండడు. కరెంటు బిల్లు కోసం ఫ్రిజ్ ఆపి వెళ్లడాన్ని ఈ కాలమ్ ఎప్పుడూ సమర్థిస్తూనే వచ్చింది. ఇకపై ఒక షరతు: మంచు ముందురోజే కరిగించి, బయల్దేరేలోపు ట్రే తుడవాలి. ప్లగ్ తీసి, కంప్రెసర్ చల్లారాకే చెయ్యి పెట్టాలి. ఊడని ట్రే అయితే పాతగుడ్డతో నీళ్లు పీల్చి, గోడలు గట్టిగా తుడిస్తే సరిపోతుంది.