కండ మాట వినే చేతులు

విశాఖ ఉక్కలో ఫ్యాన్ ఆపితే ఎవరికైనా చిరాకే. ఒక ఫిజియోథెరపీ గదిలో థెరపిస్టు ఆవిడ ఫ్యాన్ ఆపింది, ట్యూబులైటు ఆపింది, మంచం పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బాక్సును గది ఆ చివర పెట్టించింది. పడుకున్నాయన పోర్టులో కళాసీగా పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఆర్నెల్లయింది. చెయ్యి తిరిగొచ్చింది గానీ కుడి పాదం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలను ఈడుస్తాయి.

"బాబాయ్, కాస్త చల్లగా తగుల్తుంది" అంటూ ముంగాలి మీద వెంట్రుకలు గీసి, స్పిరిట్ దూదితో చర్మం ఎర్రబడేదాకా రుద్దింది. మోకాలి కింద బయటివైపు ఉండే చిన్న ఎముక బుడిపెను బొటనవేలితో పట్టుకుంది. అక్కణ్ణుంచి లోపలి చీలమండ దాకా టైలరు టేపు పరిచి, పైనుంచి మూడో వంతు దగ్గర పెన్నుతో చుక్క పెట్టింది. అక్కడ రెండు ఎలక్ట్రోడ్లు, నడిమి నుంచి నడిమికి 2 సెంటీమీటర్లు, కండ పోగులు పారే దిశలోనే అంటించింది. మూడోది కండ లేని చీలమండ ఎముక మీద. ఇంత పనికీ పావుగంట పట్టింది. నాకు మాత్రం కచేరీకి ముందు వీణ శ్రుతి చేస్తుంటే చూసినట్టు ఉంది.

"ఇప్పుడు పాదం పైకి లాగండి బాబాయ్."

పాదం కదల్లేదు. కానీ తెర మీద చదునుగా పోతున్న గీత ఒక్కసారి ముళ్లకంపలా లేచింది. "మళ్లీ లాగండి." మళ్లీ లేచింది. ఆయన పాదాన్ని చూడటం మానేసి తెరనే చూస్తూ, "దీనికింకా ప్రాణం ఉందమ్మా" అన్నాడు.

సర్ఫేస్ ఈఎంజీ అంటే ఇదే. నరం నుంచి ఆజ్ఞ అందగానే కండ పోగుల వెంబడి సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో విద్యుత్తు పారుతుంది. చర్మం దాటి పైకొచ్చేసరికి అది మైక్రోవోల్టుల లెక్కలోకి దిగిపోతుంది, గట్టిగా బిగిస్తే కొన్ని మిల్లీవోల్టులు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను మాత్రమే ఆంప్లిఫైయర్ పెంచుతుంది, రెండింటికీ సమానంగా వచ్చిన రొదను కొట్టేస్తుంది. మనకు కావలసింది చాలావరకు 20 నుంచి 450 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. గోడలోని కరెంటు మోత 50 హెర్ట్జ్ కూడా సరిగ్గా అందులోనే పడుతుంది. ఫ్యాన్ ఎందుకు ఆపిందో ఇప్పుడు తెలిసింది కదా!

చరిత్ర చాలా ఉంది. గాల్వానీ కప్ప కాళ్ల కథ అందరూ విన్నదే. బెర్లిన్‌లో డ్యూబా రేమాన్ అనే శాస్త్రవేత్త 1850 ప్రాంతంలో, చర్మం అడ్డొస్తోందని తన ముంజేతి మీద తానే బొబ్బలు రేపుకొని కొలిచాడట. నా ఆరాధన మాత్రం పరిశోధకుడు జాన్ బాస్మాజియన్‌కే. 1963లో ఆయన మామూలు మనుషులకు తమ కండలోని ఒకే నరకణం నడిపే పోగుల గుంపును, అంటే ఒకే ఒక్క మోటార్ యూనిట్‌ను ఇష్టప్రకారం పలికించడం నేర్పాడు. కొందరు దాంతో డప్పు దరువులు కూడా వాయించారు! అక్కడ వాడింది లోపల గుచ్చిన సన్న తీగలు, ఒప్పుకుంటాను. అదే మనిషి 1975లో పక్షవాతంతో పాదం జారినవాళ్లకు తమ కండ సంకేతాన్ని తామే చూసుకుంటూ సాధన చేయించాడు. మామూలు వ్యాయామం చేసినవాళ్లకంటే వీళ్లకు బలం, కదలిక దాదాపు రెండింతలు పెరిగాయి. మా కళాసీ బాబాయ్ చేస్తున్నది ఆ సాధనే.

సూది ఈఎంజీ ఉండగా ఇదెందుకని పెదవి విరిచే డాక్టర్లున్నారు. నరాల జబ్బు తేల్చడానికి సూదే కావాలి, కాదనను. లోతు కండలు, కొవ్వు కింద కండలు దీనికి సరిగా అందవు, అదీ నిజమే. కానీ కండలో సూది ఉంచుకొని మనిషి బస్తా ఎత్తగలడా? మెట్లెక్కగలడా? కదిలే మనిషి కండను చదవాలంటే దీన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం. ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు 1950లలోనే గమనించారు: నడుం పూర్తిగా వంగినప్పుడు వీపు కండలు మౌనంగా అయిపోతాయి, బరువంతా లిగమెంట్ల మీద పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి ఆ మౌనం రాదు. 1933లో తెరుచుకున్న పోర్టు, ఉక్కు కర్మాగారం, ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరు మనది. అలివి వల లాగే జాలరి వీపు కంటే ఈ విద్యకు మంచి పాఠశాల ఎక్కడుంటుంది?

ఇప్పుడు చూస్తున్నదేమిటి? మా బంధువు ఒకాయన్ని తీసుకెళ్లిన ఒక క్లినిక్‌లో ప్యాంటు మడిచి, చెమట కాలి మీదే, జిగురు ఎండిన పాత ఎలక్ట్రోడ్లు టేపు వేసి అంటించారు. అవీ ముందువైపు కాదు, పక్క కండ మీద. ఏసీ నడుస్తూనే ఉంది. తెర మీద లావుపాటి పట్టీ ఒకటి కదలకుండా నిలబడింది. కాలు లాగినా అదే, వదిలినా అదే. "కండ బ్రహ్మాండంగా ఉంది" అని రంగుల ప్రింటు చేతిలో పెట్టారు. అది కండ కాదు, గోడలో కరెంటు! డబ్బులు పోతే పోయాయి, ఆ మనిషి మూణ్నెల్ల సాధన పోయింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకలు బోర్డులూ ఇందుకు తోడయ్యాయి. పిల్లలు నేర్చుకోవడానికి వాడితే మంచిదే. రోగి మీద పెట్టి తీర్పు చెప్పడం మాత్రం ద్రోహం. నిన్నటి అంకెనూ ఇవాళ్టి అంకెనూ పక్కపక్కన పెట్టి "మెరుగైంది" అనడం ఇంకో ఘోరం. ఎలక్ట్రోడ్ వేలెడు జరిగినా అంకె మారిపోతుంది. అందుకే అదే చోట పెట్టాలి, రోగి తన శక్తి కొద్దీ బిగించినప్పుడు వచ్చిన కొలతతో పోల్చి చూడాలి. ఏ కండకు ఎక్కడ పెట్టాలో యూరప్‌లో హెర్మెన్స్ బృందం 1999 నాటికే సెనియామ్ పేరుతో రాసిపెట్టింది. చదవడానికి ఏం అడ్డం?

ఉక్కునగరం పక్కనే 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడి తయారీదారులకు నా మనవి ఒక్కటే: మన చెమటకు ఊడిపోని, మన కరెంటు మోతకు లొంగని, చిన్న ఊరి థెరపిస్టు కొనగలిగిన పరికరం చెయ్యండి. ఫిజియోథెరపీ కాలేజీల గురువులారా, పిల్లలకు సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఎముక బుడిపెను వేలితో పట్టుకోవడం నేర్పండి. ఇక మీరు, మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష చేయిస్తే, వైర్లు తగిలించే ముందు చర్మం శుభ్రం చేశారో లేదో చూడండి. చెయ్యకపోతే లేచి వచ్చెయ్యండి.