ఏ యాంటీవైరస్ వేయించమంటారు?

కొత్త సిస్టమ్ కొన్నవాళ్లూ, పాతది మరీ స్లో అయిపోయిందని విసిగిపోయినవాళ్లూ నన్ను అడిగే మొదటి మాట ఇదే. ఒక పేరు చెబితే సరిపోతుందనుకుంటారు. నేను ముందు కొన్ని ప్రశ్నలు వేస్తాను. ఆ కంప్యూటర్ ముందు ఎవరెవరు కూర్చుంటారు? బ్యాంకు పనులు దానిమీదే చేస్తారా? మీ పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపుకీ నెట్ సెంటర్‌కీ వెళ్లొస్తుంటుందా? విండోస్ డబ్బు పెట్టి కొన్నదా, షాపువాళ్లు ఊరికే వేసిచ్చిందా? చివరి ప్రశ్నకి చాలామంది ఇంట్లో చదువుకునే పిల్లల వైపు చూస్తారు.

ఇన్ని ప్రశ్నలు ఎందుకంటే, మనం కంప్యూటర్‌లో వేసుకునే మిగతా సాఫ్ట్‌వేర్లకీ యాంటీవైరస్‌కీ పోలిక లేదు. ఏ ఫైలు తెరిచినా ముందు అది చూస్తుంది. ఏ సైటుకి వెళ్తున్నామో గమనిస్తుంది. అనుమానం వచ్చిన ఫైలుని తన కంపెనీ సర్వర్‌కి పంపగలదు, మనల్ని అడక్కుండానే తీసి పక్కన పడేయగలదు. దానికి ఇచ్చేటంత అధికారం ఇంట్లో ఎవరికీ ఇవ్వం. కాబట్టి వైరస్‌ని పట్టడంలో ఎవరు గొప్ప అన్నది సగం ప్రశ్నే. అంత అధికారం ఎవరి చేతిలో పెడుతున్నాం, వాళ్లకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది అన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్నే ఎవరూ అడగరు.

అవాస్ట్ సంగతే చూడండి. చెక్ దేశపు కంపెనీ. ఉచితంగా దొరికేది కాబట్టి మన దగ్గరా చాలామంది వేసుకున్నారు. వాడుతున్నవాళ్లు ఏ సైట్లు చూస్తున్నారో, ఏం వెతుకుతున్నారో ఆ వివరాలన్నీ జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా బయటి కంపెనీలకి అమ్ముడవుతున్నాయని 2020 జనవరిలో పాత్రికేయులు బయటపెట్టారు. అవాస్ట్ వెంటనే జంప్‌షాట్‌ని మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం బ్రౌజింగ్ వివరాలు అమ్మకూడదని ఆంక్ష పెట్టింది. ఇళ్లల్లో సమాచారం దొంగల పాలు కాకూడదని వేసుకున్న సాఫ్ట్‌వేరే దాన్ని బేరం పెట్టింది. ఇది చదివిన రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఇంకో సంగతి: అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థవి. నాలుగు పేర్లు చూసి నాలుగు కంపెనీలు పోటీ పడుతున్నాయని అనుకుంటాం.

కాస్పర్‌స్కీది వేరే కథ. పరీక్షల్లో దానికి ఎప్పుడూ మంచి మార్కులే. అయినా రష్యా కంపెనీ కాబట్టి, రేపు ఆ ప్రభుత్వం ఒత్తిడి తెస్తే ఏం చేస్తుందన్న అనుమానంతో 2022 మార్చిలో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ దాన్ని మార్చుకోమని సలహా ఇచ్చింది. 2024 జూన్‌లో అమెరికా అమ్మకాల మీద నిషేధమే ప్రకటించింది. నైపుణ్యం వేరు, నమ్మకం వేరు అని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

దురుద్దేశం ఏమీ లేకపోయినా, అంత అధికారం ఉన్న సాఫ్ట్‌వేర్ పొరపాటు చేస్తే ఎలా ఉంటుందో 2010 ఏప్రిల్‌లో మెకాఫీ చూపించింది. ఒక అప్‌డేట్ తేడా వచ్చి, విండోస్ ఎక్స్‌పీ నడవడానికి అత్యవసరమైన సొంత ఫైలునే వైరస్ అనుకుని పట్టేసింది. లెక్కలేనన్ని కంప్యూటర్లు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉండిపోయాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. క్రౌడ్‌స్ట్రైక్ ఇళ్లల్లో వేసుకునేది కాదు, పెద్ద సంస్థలది. అధికారం స్వభావం మాత్రం ఒకటే.

మన ఇళ్లల్లోకి వైరస్ భయం నెట్ ద్వారా కన్నా ముందు ఫ్లాపీలతో, తర్వాత పెన్‌డ్రైవ్‌లతో వచ్చింది. పీసీల మీద వ్యాపించిన తొలి వైరస్ ‘బ్రెయిన్’ 1986లో లాహోర్‌లో పుట్టింది. కంప్యూటర్ షాపు నడిపే ఇద్దరు అన్నదమ్ములు రాసి, అందులో తమ పేర్లూ షాపు అడ్రసూ ఫోన్ నంబరూ కూడా పెట్టారు. తర్వాత మన దేశంలోనూ దీనికి మందు తయారుచేసేవాళ్లు వచ్చారు. చెన్నైలో కే7 1991లో మొదలైంది. పుణెలో కాలిక్యులేటర్లు బాగుచేసే దుకాణం నడిపిన కైలాష్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి 1995లో క్విక్ హీల్ తెచ్చారు. రిపేరుకొచ్చే కంప్యూటర్లలో ఏ వైరస్‌లు తిరుగుతున్నాయో కళ్లారా చూసి రాసిన ప్రోగ్రామ్ అది. మన ఊళ్లల్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్‌లు మిగిలే రోజుల్లో, డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనడం నిజంగా అవసరమే. ఆ అలవాటుని నేను తప్పుపట్టను.

అవసరం మారింది, అలవాటు మారలేదు. 2012లో విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తో పాటే వస్తోంది. మొదట్లో దాని పనితనం అంతంతమాత్రమే. చాలా ఏళ్లుగా మాత్రం జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటి సరసన నిలబడుతోంది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారెటివ్స్ అని ఇలాంటిదే ఇంకొకటి ఉంది. ఎవరైనా ఏదైనా కొనాలనుకుంటే షాపువాళ్ల మాట కన్నా ముందు ఈ రెండు చోట్లా ఫలితాలు చూడమంటాను. చూసేటప్పుడు పట్టుకున్న వైరస్‌ల శాతం ఒక్కటే చూస్తే లాభం లేదు. పైనున్నవాళ్ల మధ్య తేడా వెంట్రుకవాసే. సిస్టమ్‌ని ఎంత స్లో చేస్తోంది, మంచి ఫైళ్లని ఎన్నిసార్లు వైరస్ అని పొరబడింది అన్న వరుసలు చూడాలి. రోజూ తప్పుడు హెచ్చరికలు చేసే సాఫ్ట్‌వేర్ ఇంట్లోవాళ్లకి హెచ్చరికని పట్టించుకోకపోవడం నేర్పుతుంది. అసలు వైరస్ కన్నా అది నాకు ఎక్కువ భయం.

వేసింది పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి ఐకార్ అనే పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాల వరుస, అంతే. దానివల్ల ఏ హానీ లేదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ఒప్పందం. ఎవరింట్లో సిస్టమ్ చూసినా నేను ఇది ఒకసారి చేసి చూస్తాను.

తెనాలిలో మా బాబాయి కంప్యూటర్ గురించి చెప్పాలి. రిటైరైన తెలుగు మాస్టారు. స్కాన్ చేసిన పాత పుస్తకాలు, మనవల ఫొటోలు, పెన్షన్ కాగితాలు అన్నీ అందులోనే. కొనుక్కున్న యాంటీవైరస్ ఒకటి, ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చింది ఒకటి, డల్లాస్‌లో ఉన్న కొడుకు అక్కణ్ణుంచే ఎనీడెస్క్‌లో వేసిచ్చింది ఇంకొకటి. ఒకే గుమ్మం దగ్గర ముగ్గురు కాపలావాళ్లు ఒకరినొకరు సోదా చేసుకుంటున్నట్టుంది పరిస్థితి. ఫైలు తెరవాలంటే కాఫీ తాగి రావాల్సిందే. బయటిది ఒకటి వేస్తే డిఫెండర్ మామూలుగా దానంతటదే పక్కకి తప్పుకుంటుంది. మిగతావాటికి ఆ మర్యాద ఉండదు.

మూడూ తీసేసి డిఫెండర్ ఆన్ చేస్తుంటే బాబాయి ఒప్పుకోలేదు. “డబ్బు పోసి కొన్నది తీసేసి, ఊరికే వచ్చింది ఉంచుతానంటావేంట్రా?”

“రెన్యూవల్ డబ్బుకి ఇంకొంచెం కలిపి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొందాం బాబాయ్. పుస్తకాలూ ఫొటోలూ రెండో చోట ఉంటే, ఇందులో ఏం దూరినా మనకి పోయేదేమీ ఉండదు.”

దానికి ఒప్పుకున్నాడు, పుస్తకాల మాట ఎత్తాను కాబట్టి. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చాక, హార్డ్‌డిస్క్‌లో ఉన్న కాపీయే అన్నిటికన్నా గట్టి రక్షణ. ఒక్క షరతు, కాపీ అయ్యాక వైరు పీకేయాలి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. ఆయన రోజూ వాడుకునే అకౌంట్‌ని అడ్మిన్ కాకుండా మామూలు అకౌంట్‌గా మార్చాను. ఇప్పుడు ఏదైనా కొత్త ప్రోగ్రామ్ దిగాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ పాస్‌వర్డ్ పిన్ని దగ్గర ఉంది. కార్డు మీద ఏటా దానంతటదే అయ్యే రెన్యూవల్ కూడా ఆపించాం. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 2021 అక్టోబరు నుంచి అలా డబ్బు తీసుకునే 24 గంటల ముందు మనకి కబురు రావాలి. బాబాయికీ వచ్చింది, ఏదో ప్రకటన అనుకుని చూడలేదు.

పిన్నికి వచ్చిన ఇబ్బంది వేరు. తెర మూలన ఎర్రగా “మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, రక్షణ గడువు ముగిసింది” అని మాటిమాటికీ మెరుస్తోంది. అది ఏ యాంటీవైరస్ చెప్పిన మాటా కాదు. సీరియళ్లూ సినిమాలూ దొంగతనంగా పెట్టే సైటులో ఎప్పుడో ‘అలౌ’ నొక్కింది. ఆ సైటు బ్రౌజర్ నోటిఫికేషన్ రూపంలో అలా పంపిస్తోంది. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ అనుమతి తీసేయగానే పోయింది. ఇలాంటివే కొన్ని తెరంతా కప్పేసి, ఒక ఫోన్ నంబరు చూపించి, మైక్రోసాఫ్ట్ వాళ్లమంటాయి. మైక్రోసాఫ్ట్ ఏ హెచ్చరికలోనూ ఫోన్ నంబరు పెట్టదు. ఆ నంబరుకి ఫోన్ చేసి, అవతలివాళ్లు చెప్పినట్టు సిస్టమ్ వాళ్ల చేతికిచ్చేస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. డబ్బు పోతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని, ఆ నంబరు పిన్ని పంచాంగం అట్ట మీద రాసి పెట్టాను.

అన్నిటికన్నా కష్టమైన సంభాషణ విండోస్ గురించే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్డ్ సిస్టమ్ చేయించుకునేవాళ్లు ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ గంటలకొద్దీ బేరమాడతారు. విండోస్ దగ్గరికొచ్చేసరికి “ఏదో ఒకటి కొట్టించెయ్యండి” అంటారు. అలా కొట్టించే విండోస్‌ని యాక్టివేట్ చేసే క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయాలి. అంటే రక్షణ తలుపు తీసిపెట్టి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మిన్ అధికారం ఇచ్చాక, మళ్లీ తలుపు వేసి యాంటీవైరస్ కొంటున్నాం. పైగా అప్‌డేట్లు వస్తే క్రాక్ పోతుందని వాటినీ ఆపేస్తారు. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు దానికి విరుగుడు అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో, వచ్చి ఉంది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు పడ్డాయి. అందుకే ఖర్చు పెట్టగలిగింది ఒక్కదానికే అయితే అది యాంటీవైరస్‌కి కాదు, లైసెన్సు విండోస్‌కే పెట్టమంటాను. విండోస్ 10 వాడుతున్నవాళ్లకి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి. ఇళ్లల్లో వాడేవాళ్లు పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

డబ్బు పెట్టి కొనాల్సిన ఇళ్లు లేవా అంటే, ఉన్నాయి. ఏదైనా జరిగితే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి కావాలనుకునేవాళ్లు, పిల్లల ఆటల సైట్ల మీద అదుపు కావాలనుకునేవాళ్లు, పరాయి పెన్‌డ్రైవ్‌లు రోజంతా పెట్టుకోక తప్పనివాళ్లు. మా వీధి చివర డీటీపీ చేసే అన్నయ్య ఆ చివరి రకం. శుభలేఖల కాలం వస్తే ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ ఆయన టేబుల్ మీదే ఉంటాయి. పనంతా అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. ఆయన దాన్ని విండోస్ 7 మీద నడుపుతున్నాడు, దానికి 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది. మారమంటే, ఇరవయ్యేళ్ల శుభలేఖల నమూనాలన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయంటాడు. అది నిజం, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకని ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ తీసేశాం. విండోస్ 11 ఉన్న చిన్న ల్యాప్‌టాప్ ఒకటి పక్కన పెట్టించాను. కొనుక్కున్న యాంటీవైరస్ అందులో ఉంది. వచ్చిన పెన్‌డ్రైవ్ ముందు అందులో స్కాన్ అవుతుంది, కావలసిన ఫైలు ఒక్కటే షాపు సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కి పాత సిస్టమ్‌కి వెళ్తుంది. రద్దీ ఉన్న రోజున ఈ రెండో అడుగు వేయడానికి ఓపిక ఉండటం లేదంటున్నాడు. పాత సిస్టమ్‌కి ఒక్క యూఎస్‌బీ పోర్టు ఉంచి మిగతావి బయాస్‌లో ఆపేద్దామన్నాను. మాఘమాసపు ముహూర్తాలు అయ్యాక చేద్దామన్నాడు.