యానాం జనన పుస్తకం

కాకినాడకు దక్షిణాన, గోదావరి ఒడ్డున, సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం ఉంది. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ కొట్టు పెట్టారు, కొన్నేళ్ళకే మూశారు, 1731లో మళ్ళీ తెరిచారు. తర్వాత ఎన్నోసార్లు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయి, ఎన్నోసార్లు తిరిగొచ్చి, 1954 దాకా ఫ్రెంచి జెండా కిందే ఉంది. ఇంట్లో, వీధిలో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. 1901 లెక్కల్లో అక్కడి జనం 5,005 మంది. ఒక మోస్తరు పల్లెంత ఊరు. అయినా 1880 మార్చిలో వచ్చిన డిక్రీతో దానికి మేయరు, మునిసిపల్ సభ అన్నీ అమరాయి.

యానాం అనగానే పాత భవనాలూ చర్చీ చెబుతారు. నా దృష్టిలో ఫ్రెంచివాళ్ళ అసలు పనితనం అప్పటి మేయరు కచేరీలో ఉండే మూడు రకాల పుస్తకాల్లో ఉంది. పుట్టుకలకొకటి, పెళ్ళిళ్ళకొకటి, చావులకొకటి. ఫ్రెంచిలో ‘ఎతా సివీల్’ అంటారు. డిక్రీ వచ్చిన ఆ 1880లోనే ఈ పద్ధతిని ఫ్రెంచి ఇండియాలోని స్థానిక ప్రజలకూ వర్తింపజేశారు.

పుస్తకం కట్టడం దగ్గరే జాగ్రత్త మొదలయ్యేది. ఒక్క అక్షరం రాయకముందే అది న్యాయస్థానానికి పోయేది. అక్కడ న్యాయమూర్తి మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా ప్రతిదానికీ నంబరు వేసి, పొట్టి సంతకం పెట్టేవాడు. ఇక మధ్యలో ఆకు చింపినా, కొత్తది చొప్పించినా వరస తప్పి దొరికిపోయేది. రాతకు నియమాలు నెపోలియన్ నాటి సివిల్ కోడ్‌లోవి. ఒక నమోదు ముగిసిన చోటే రెండోది మొదలుకావాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు. పొడి అక్షరాలు పనికిరావు. కొట్టివేత ఉంటే, అది తెలిసే చేసినదని పక్కన రాసి అందరూ సంతకం చేయాలి. తేదీ అంకెల్లో వేయకూడదు, మాటల్లోనే రాయాలి.

ఈ చివరి నియమం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. 3ను 8 చేయడానికి ఒక్క గీత చాలు. ‘వెయ్యి తొమ్మిదివందల మూడవ సంవత్సరం, మార్చి నెల, నాలుగవ తేదీ, ఉదయం ఎనిమిది గంటలకు’ అని రాస్తే మార్చడానికి చోటేదీ? కాపలా మనిషి అక్కర్లేకుండా రాతే తనను తాను కాపాడుకుంటుంది.

అప్పటి కోడ్ ప్రకారం పుట్టుకను మూడు రోజుల్లో చెప్పాలి. ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ పుట్టింది, ఆడబిడ్డా మగబిడ్డా, పెట్టిన పేరేమిటి, తల్లిదండ్రుల పేర్లు, వాళ్ళు చేసే పని, ఉండే చోటు అన్నీ రాసేవారు. సాక్షుల పేర్లు, వయసులు కూడా. రాశాక దాన్ని అందరికీ చదివి వినిపించాలి. సంతకం రాకపోతే ఎందుకు పెట్టలేదో కూడా రాయాలి. చదువురాని మనిషిని ఆ పుటలో లేనట్టు వదిలేసేవారు కాదు, అతని నిరక్షరాస్యతకూ ఒక వాక్యం దక్కేది. నాకు ఇందులో గొప్ప మర్యాద కనిపిస్తుంది.

పేర్ల విషయంలో మన వాళ్ళకు ఒక సౌకర్యం ఉండేది. 1881 నాటి డిక్రీ కింద సొంత ఆచార చట్టం వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టంలోకి మారినవాళ్ళు కుటుంబ నామం ఒకటి పెట్టుకోవాల్సి ఉండేది. పుదుచ్చేరి తమిళులలో చాలామందికి తరతరాలుగా దిగే ఇంటిపేరు లేదు, కాబట్టి కొత్తగా వెతుక్కోవాల్సి వచ్చేది. తెలుగువాళ్ళకు అది ముందునుంచే ఉంది.

ఏడాది చివర పుస్తకం మూసి, అక్షరక్రమంలో పేర్ల పట్టిక కట్టేవారు. పదేళ్ళకోసారి ఆ పట్టికలన్నీ కలిపి ఇంకొకటి. పదేళ్ళ పుటలు తిరగేయకుండా మనిషిని పట్టుకోవచ్చు. 1897 నాటి ఫ్రెంచి చట్టం ఇంకో మంచి పని చేర్చింది. పెళ్ళి జరిగితే, పుట్టుక రాసిన పాత పుట అంచున ఆ సంగతి రాయాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు కొంగును పోగు పోగుగా అతికినట్టు, ఒక పుస్తకంలోని మనిషిని మరో పుస్తకంలోని అదే మనిషికి కలిపే పని ఇది.

ప్రతి నమోదునూ రెండు ప్రతుల్లో రాయాలని కోడ్ చెప్పేది. ఒకటి ఊళ్ళో, ఒకటి న్యాయస్థానంలో. ఫ్రెంచి వలస ప్రాంతాలకైతే అదనంగా మూడోది, ఓడెక్కి ఫ్రాన్సు చేరేది. పదహారో లూయీ 1776 నాటి శాసనంతో వలసల కాగితాలకు వెర్సాయిలో భాండాగారం పెట్టించాడు. యానాం లాంటి చోట ఈ మూడో ప్రతి విలువ సులువుగా అర్థమవుతుంది. చెద, ఉప్పుగాలి, యుద్ధాలు ఒక ఎత్తు, 1839 నవంబరులో దగ్గర్లోని కోరంగిని ముంచిన ఉప్పెన ఒక ఎత్తు. ఊరు మునిగినా ఊరి జనం లెక్క మునగకూడదు. ఆ వలస పుస్తకాలు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్ భాండాగారంలో ఉన్నాయి, యానాం పుటలతో సహా.

మా ఇటిక్యాల, గద్వాల వైపు పెద్దలను పుట్టినరోజు అడిగితే ఏ వరదకో, ఏ కరువుకో ముడిపెట్టి చెబుతారు. బడి రికార్డుల్లో జూన్‌లో పుట్టినవాళ్ళు ఊరికి సగం మంది కనిపిస్తారు, పంతులు వేసిన తేదీలవి. అందుకే కృష్ణ ఒడ్డు మనిషిగా నాకు ఆ గోదావరి ఒడ్డు పుస్తకం మీద ఇంత గౌరవం.

దాని సత్తా 1962లో బయటపడింది. భారత్, ఫ్రాన్సుల మధ్య 1956 మే 28న కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, ఒకప్పటి ఫ్రెంచి ఇండియా భూభాగాల్లో పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు భారతీయులవుతారు, ఫ్రెంచి పౌరసత్వం కావాలంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఎక్కడ పుట్టారన్నది నోటి మాటతో తేలదు, పుటలో చూపాలి. ఎన్నడో ఒక తండ్రి కచేరీ మెట్లెక్కి చెప్పిన నాలుగు ముక్కలు అతని పిల్లల దేశాన్ని నిర్ణయించడానికి అక్కరకొచ్చాయి.

యానాం ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, జనం 1991లో 20,297, 2011 నాటికి 55,626. ఇన్ని వేలమందిని మునుపటిలా ముఖాలు ఎరిగి రాయడం ఏ గుమాస్తాకూ సాధ్యం కాదు. కానీ పద్ధతి ఇప్పుడు మన ఊళ్ళకూ ఉంది. 1969 చట్టం ప్రకారం జననం, మరణం 21 రోజుల్లో చెబితే పల్లెలో పంచాయతీ వాళ్ళు, పట్నంలో మునిసిపాలిటీ వాళ్ళు నమోదు చేస్తారు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకూ ఆ పత్రమే ఆధారం. ఇంట్లో బిడ్డ పుడితే గడువు దాటకుండా వెళ్ళి, నిజం తేదీ చెప్పి రాయించండి. పేర్లలో అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదివించుకుని, ఆ తర్వాతే ఇంటికి రండి.